మీకు తెలుసా? స్టైరీన్, సీసం, మనం తాగే నీళ్లు

పాత రేడియోల్లోని కొన్ని కెపాసిటర్లలో రేకుల మధ్య కరెంటు దాటకుండా ఆపే పల్చటి పొర పాలీస్టైరీన్. దాని ముడిసరుకు స్టైరీన్ అనే ద్రవం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి ఆవిరై ఊరి మీద పడింది ఇదే. 12 మంది ప్రాణాలు పోయాయి. వేడెక్కితే స్టైరీన్ తనలో తానే గొలుసులుగా అల్లుకుంటూ ఇంకా వేడి పుట్టిస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, నిరోధక రసాయనం కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఆ రెంటికీ లోటు వచ్చింది.

మేఘాద్రి గెడ్డ జలాశయం దగ్గరలోనే ఉండటంతో నీటి గురించీ భయం పట్టుకుంది. తాగునీటిలో స్టైరీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 20 మైక్రోగ్రాములు.

నీటి ద్వారా ఒంట్లోకి చేరగల మరో విషం సీసం. అది మగవారి సంతానశక్తిని దెబ్బతీస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. ఒంట్లో పేరుకుంటే వీర్యకణాల సంఖ్య, చురుకుదనం తగ్గుతాయి. మన దేశంలో తాగునీటిలో సీసానికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. నీళ్లు మరగబెడితే సీసం పోదు. నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

పిల్లలు పుట్టకపోతే భార్యనొక్కదాన్నే ఆస్పత్రుల చుట్టూ తిప్పడం అన్యాయం. భర్తకూ వీర్య పరీక్ష చేయించాలి. అతను బ్యాటరీల పనిలోనో, సీసం కరిగించే పనిలోనో ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, జాగ్రత్తల ఫలితం వెంటనే కనిపించదు.