వార్తల్లో పదం: అన్యూరిజం

అరిగిన సైకిలు ట్యూబుకు గాలి కొడితే పలచబడ్డ చోట బుడిపె లేస్తుంది. మెదడు రక్తనాళం గోడ అలా ఉబ్బితే అది అన్యూరిజం. నూటికి ముగ్గురు పెద్దవాళ్లలో ఉంటుందని అంచనా. చాలామందికి జన్మంతా తెలియదు. తలలో బాంబు పెట్టుకుని తిరగడమెందుకు, తీసేయించుకోవచ్చుగా అంటారు. భయం సహజమే, లెక్క వేరు. చిన్న ఉబ్బుల్లో చాలావరకు ఎన్నడూ పగలవు. ఆపరేషన్‌కేమో పక్షవాతం ముప్పుంది. అందుకే సైజు, చోటు, వయసు చూసి కొన్నింటిని స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటారు. బీపీ అదుపు, బీడీ మానడం కూడా వైద్యమే.

పగిలితే మాత్రం వాయిదా కుదరదు. మళ్లీ రక్తం కారే ముప్పు మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. పుర్రె తెరిచి ఉబ్బు మెడకు క్లిప్పు బిగించడం 1937లో సర్జన్ వాల్టర్ డాండీ చేసి చూపిన పని. గజ్జలోంచి సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగచుట్టతో నింపడం తర్వాత వచ్చింది. రెండింటికీ వీలున్న రోగులపై 2002లో వెలువడిన ఐశాట్ అనే అధ్యయనం ఫలితాల్లో, ఏడాది తిరిగేసరికి చనిపోయినవారు, పరాధీనులైనవారు కలిపి తీగచుట్టతో సుమారు 24 శాతం, క్లిప్పుతో 31 శాతం. రాచర్ల లాంటి దూరపు ఊరి మనిషికి పద్ధతి కన్నా ముందు దూరం అడ్డొస్తుంది: గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ మీదుగా నంద్యాల, కర్నూలు; లేదంటే కంభం మీదుగా ఒంగోలు, గుంటూరు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా తలనొప్పి వస్తే మాత్ర మింగి పడుకోకండి, 108కి ఫోన్ చేయండి.