ఆటను మళ్ళీ ఆటగా చేసికొనుట

మౌలాలి గుట్ట దిగువన సాయంకాలం పూట పిల్లలు బిళ్ళంగోడు ఆడుతుండగా నేను పలుమార్లు చూచినాను. బిళ్ళ దూరంగా ఎగిరితే అందరూ కేకలు వేస్తారు. ఎగరకపోతే అందరూ నవ్వుతారు. చీకటి పడి ఇండ్లకు మళ్ళేటప్పటికి ఎవరు గెలిచినదీ వారికే జ్ఞాపకం ఉండదు. అయినను మరునాడు ఆ వేళకు మళ్ళీ అక్కడనే ఉంటారు. పెద్దవారమైన తరువాత మనకు ఈ విద్య ఎందుకు మరపునకు వస్తుంది? ఈ ప్రశ్న నాకు గోల్ఫు మూలంగా ఎదురైనది.

ఆ ఆటతో పరిచయం లేనివారికి ఒక మాట. 46 గ్రాములకు మించని చిన్న బంతిని కర్రతో కొట్టుకొంటూ పోయి, దూరాన పచ్చిక నడుమ 108 మిల్లీమీటర్ల వెడల్పున ఉన్న గుంటలో పడవేయవలెను. పూర్తి ఆటకు గుంటలు 18. ఎంత తక్కువ దెబ్బలతో ముగిస్తే అంత గొప్ప. ఇందులో ఎదుటివాడు మన బంతికి అడ్డుపడడు. కావున తప్పు జరిగితే అది పూర్తిగా మనదే. ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ నడుమ నడక చాల ఉంటుంది. జరిగిన తప్పును తలపోసికొనుటకు అంతకంటె అనువైన వ్యవధి మరొకటి లేదు!

ముప్పది ఏండ్లు దాటిన తరువాత ఒక మిత్రుడు నన్ను నగరానికి ఆ చివరనున్న గోలకొండకు తీసికొనిపోయి, నయా ఖిలా ప్రాకారాల చెంతనున్న మైదానంలో కర్ర చేతికిచ్చినాడు. మొదటి సంవత్సరం పండుగవలె గడచినది. పిమ్మట ఒక పుస్తకంలో దెబ్బల లెక్క వ్రాయుట ప్రారంభించినాను. క్రమంగా ఆట నా చేతి నుండి ఆ పుస్తకం చేతిలోనికి పోయినది. ఆటకు ముందు రాత్రి నిద్ర పట్టేది కాదు. ఒకనాడు మా అబ్బాయి, "నాన్నా, ఆడుకొని వచ్చినప్పుడల్లా మీకెందుకింత కోపం?" అని అడిగినాడు. నాకు సమాధానం తోచలేదు. కర్రల సంచీని అటక ఎక్కించినాను. రెండేండ్లు దింపలేదు.

మనస్తత్వ శాస్త్రంలో ఈ స్థితికి 'బర్నవుట్' అని పేరు. సేవాసంస్థలలో పనిచేయువారి అలసటను గూర్చి వ్రాస్తూ హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ఈ మాటను ప్రచారానికి తెచ్చినాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి మూడు లక్షణాలు చెప్పినది: సత్తువ ఉడిగిపోవుట, చేయు పనిపై విముఖత, సామర్థ్యం తగ్గినదను భావం. ఆ నిర్వచనం ఉద్యోగానికి సంబంధించినది. మరి వినోదానికి ఈ జాడ్యం ఎట్లా సోకినది? వినోదాన్ని మనమే ఉద్యోగంగా మార్చుకొన్నాము గనుక.

1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అను ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రకటించినారు. బొమ్మలు వేయుటయందు సహజమైన ఇష్టంగల శిశువిద్యాలయ బాలలలో కొందరికి, బొమ్మ వేస్తే బహుమానం ఇస్తామని ముందుగానే చెప్పినారు. కొన్ని దినాల తరువాత చూడగా, ఆ పిల్లలు తక్కినవారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలకు వెచ్చించినారు. బహుమానం ఇష్టానికి తోడుగా వచ్చి దాని స్థానాన్నే ఆక్రమించినదన్నమాట. నా లెక్కల పుస్తకం చేసిన పని ఇదే.

మహామహులకు సైతం ఈ అవస్థ తప్పలేదు. అమెరికాలోని అట్లాంటా నగరవాసి బాబీ జోన్స్ 1930లో ఆనాటి నాలుగు మహాపోటీలను ఒకే సంవత్సరంలో గెలిచి, ఆ ఏడే పోటీల నుండి విరమించినాడు. అప్పటికి ఆయన వయస్సు 28. పోటీల ఒత్తిడి ఆయన శరీరాన్ని కృశింపజేసేది. అయితే ఆయన ఆటను విడువలేదు. మిత్రులతో ఆడుకొనుటకై అగస్టాలో ఒక మైదానాన్ని నిర్మింపజేసినాడు. 1934లో అచ్చట ఆరంభమైన పోటీలో తానును పాల్గొన్నాడు. ఆ పోటీని ఆయన ఎన్నడును గెలువలేదు. అయినను 1948 వరకు ఆడుతూనే వచ్చినాడు.

నేను తిరిగి కర్ర పట్టినప్పుడు నాకు తోడ్పడినవి ఆ ఆటలోని ఏర్పాటులే. ఇంగ్లండులో డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ రూపొందించిన లెక్క 1932లో వాలసీ క్లబ్బున అమలుకు వచ్చినది. అందులో ప్రతి గుంటకూ విడిగా మార్కులు. ఒకచోట ఎంత చెడగొట్టినా అక్కడ సున్నతో సరి. తరువాతి గుంటకు కొత్త ఖాతా. అంతేకాదు, ఆటగాని స్థాయిని నిర్ణయించుటకు 2020లో అమలుకు వచ్చిన అంతర్జాతీయ పద్ధతి, చివరి 20 ఆటలలో మేలైన 8 మాత్రమే లెక్కలోనికి తీసికొంటుంది. మిగిలిన పండ్రెండు ఆటలను శాసనకర్తలే క్షమించగా, మనం మాత్రం వాటిని రాత్రులు నెమరువేయుట ఎందుకు?

ఇప్పుడు నేను నెలకు రెండు మారులు పోతాను. పదునాలుగు కర్రలకు అనుమతి ఉన్నను ఐదు చాలుననుకొన్నాను; గుంటలు తొమ్మిదితో సరిపెట్టినాను. పుస్తకం ఇంటనే ఉంటుంది. నయా ఖిలాలో ఏనుగు దేహంవంటి మ్రానుతో నిలిచియున్న పురాతనమైన బావోబాబ్ చెట్టు ఉన్నది. దాని ప్రక్కగా ఏండ్ల తరబడి తిరిగినను, తీరికగా దానిని చూచినది ఈ మధ్యనే.

ఇది గోల్ఫుకే చెందిన మాట కాదు. వీణకైనను, చదరంగానికైనను, పెరటి తోటకైనను వర్తిస్తుంది. ఇష్టపడి చేపట్టినది భారమైనప్పుడు కొంతకాలం విడిచిపెట్టుటలో దోషం లేదు. తిరిగి చేపట్టునప్పుడు మాత్రం తక్కువగా, లెక్క లేకుండ, తోడుతో మొదలిడవలెను. అలసట నిద్రకూ ఆహారానికీ పాకినచో వైద్యుని సంప్రదించుట మేలు.

మొన్న ఇంటికి రాగానే మా అబ్బాయి, "ఎన్ని దెబ్బలు, నాన్నా?" అన్నాడు. లెక్కపెట్టలేదన్నాను. "అయితే వచ్చేసారి నేనూ వస్తాను" అన్నాడు.