కోనసీమలో ప్రభుత్వ పాఠశాలల పాలన

గౌతమీ వసిష్ఠా పాయల నడుమ సముద్రాన్ని ఆనుకొని ఉన్న కోనసీమకు కొబ్బరితోటలు, వరిపొలాలు ఎంతటి సంపదయో, ఊరూరా ఉన్న బడియు అంతటి సంపదయే. అయితే ఆ బడి ఎవరి అధీనంలో ఉన్నదని అడిగితే, అందులో చదివి కళాశాలకు వచ్చిన విద్యార్థులు సైతం వెంటనే చెప్పలేరు. ఆ సంగతిని సంగ్రహంగా వివరించుటయే మా ఉద్దేశం.

అమెరికాలో చిన్న పట్టణాలకు, నగర శివారులకు సొంత విద్యామండలులు ఉండటం పరిపాటి. ప్రజలు ఎన్నుకొన్న ఆ మండలి అక్కడి బడులను నడుపుతుంది. చాలాచోట్ల స్థానిక ఆస్తిపన్నే దానికి ముఖ్యమైన ఆదాయం. మన పద్ధతి వేరు. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ఏర్పడినప్పుడు ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు సంక్రమించినవి. 1986 నాటి చట్టంతో సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చినవి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో బడుల పేర్లకు ముందు 'మండల పరిషత్', 'జిల్లా పరిషత్' అను మాటలు కనిపించుటకు కారణం ఇదే.

అయితే పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది. ఉపాధ్యాయుల జీతం, పాఠ్యపుస్తకం రాష్ట్ర ప్రభుత్వానివి. తనిఖీ మండల విద్యాశాఖాధికారిది. మధ్యాహ్న భోజనం కూడా ప్రభుత్వ పథకమే. లంకల గన్నవరంలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరును 2024లో ఆ పథకానికి పెట్టుట మన సీమకు గౌరవం. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినను, జిల్లా పరిషత్తు మాత్రం వెంటనే విడివడలేదు.

ఇందరు పెద్దలున్న ఇంటిలో బిడ్డ గోడు వినువారెవరు? 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెప్పినది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు. బడి పనితీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయుట, నిధుల వినియోగాన్ని పరిశీలించుట వారి విధులు.

ఈ కమిటీ విలువ లంకగ్రామాలలో తెలుస్తుంది. ప్రాథమిక పాఠశాల ఇంటికి ఒక కిలోమీటరులోపు ఉండవలెనని నియమం. కాని పి.గన్నవరం మండలంలోని బూరుగులంక, ఉడిమూడిలంక వంటి గ్రామాలవారు వరదలకు దారి తెగిపోయి పడవనే నమ్ముకొన్న సందర్భాలు అనేకం. నడుమ పాయ పొంగినప్పుడు కిలోమీటరు లెక్కకు అర్థమేమి? వరదలు, దారిలేమి, పసిపిల్లలకు ప్రమాదం గల చోట్ల ఆ దూరాన్ని తగ్గించి బడి నెలకొల్పవలెనని 2010 నాటి కేంద్ర నియమావళియే చెప్పుచున్నది. 2022లో 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించు ఉత్తర్వు వచ్చినప్పుడు ఈ నియమం ఎందరు తల్లిదండ్రులకు తెలుసును? ఆ ఉత్తర్వు 2025లో రద్దయినది; తెలుసుకొనవలసిన అవసరం మాత్రం తీరలేదు.

ఉర్దూ మాతృభాషగా గల పిల్లల విషయమూ ఇట్టిదే. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనావసతి కల్పించుటకు కృషి చేయవలెనని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం రాష్ట్రాలను ఆదేశించినది. అడుగువారు లేనిచోట అధికరణం పుస్తకంలోనే ఉండిపోతుంది.

కావున విద్యార్థులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి బడి కమిటీలో ఎవరెవరున్నారో, సమావేశం ఎప్పుడు జరిగినదో విచారించండి. చదువురాని సభ్యురాలికి తీర్మానం చదివి వినిపించండి. చదువుకొన్నవారు తమ ఊరి బడికి తీర్చగల మొదటి ఋణం అదియేనని మా విశ్వాసం.