పెరుగుతున్న వయసు, మారవలసిన పని

ఒక ఆసుపత్రిలో 34 ఏళ్లు నీళ్ల లైన్లు, మోటార్లు చూసుకున్న పెద్దాయన వీడ్కోలు సభకు కొన్నేళ్ల క్రితం వెళ్లాను. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, ప్రార్థన చేసి భోజనాలు పెట్టి పంపారు. మూడు నెలలు తిరక్కుండానే ఒక ఆదివారం ఉదయం ప్రసూతి వార్డుకు నీళ్లు ఆగిపోయాయి. నేలలో ఎక్కడో పైపు పగిలింది. ఆయన స్థానంలో వచ్చిన కుర్రాడు ఐటీఐ చదివినవాడు, పని తెలిసినవాడు. అయితే ఏ పైపు ఎటు పోతుందో చూపించే నక్షా ఆ ఆసుపత్రిలో లేదు. మూడు చోట్ల తవ్వారు, దొరకలేదు. చివరికి పెద్దాయనకు ఫోను చేస్తే ఆరాధన మధ్యలోంచి లేచి వచ్చి, వేపచెట్టు పక్కన చేతికర్రతో ఒక గీత గీసి, "ఇక్కడ తవ్వు బాబూ" అన్నారు. పైపు అక్కడే ఉంది.

ఆ రోజే నాకు మరో సంగతి తెలిసింది. చివరి రెండేళ్లు ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిచ్చెన ఎక్కలేకపోయేవారు. "ఆయన వల్ల పని కావడం లేదు" అని ఆఫీసులో అనుకునేవారు. నిచ్చెన ఎక్కే పని కుర్రాడికి అప్పగించి, ఆయనను కూర్చోబెట్టి లైన్లన్నీ కాగితం మీద గీయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఉద్యోగుల సంగతి చూసే ఈ విద్యనే మానవ వనరుల నిర్వహణ అంటారు. అది పెద్ద కంపెనీల వ్యవహారమని మనం అనుకుంటాం. నిజానికి నలుగురు పనిచేసే ప్రతి చోటా, అంటే బడిలో, దుకాణంలో, హాస్టల్లో, సంఘపు ఆఫీసులో కూడా ఆ పని ఉంటుంది.

ఈ సమస్య ఇకముందు పెరిగేదే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 60 ఏళ్లు, అంతకు పైబడినవారు నూటికి 8.6 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 మంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక తరం స్థానాన్ని మరో తరం పూర్తిగా నింపాలంటే ఈ సంఖ్య 2.1 ఉండాలి. మన ఇళ్లలో పిల్లలు తగ్గారు, ఉన్నవారిలో చాలామంది హైదరాబాదుకో బెంగళూరుకో విదేశాలకో వెళ్లారు. ఊళ్లలోని సంస్థలు యాభై దాటిన చేతుల మీద నడిచే రోజులు దగ్గర పడుతున్నాయి.

వయసుతో మనిషిలో ఏం మారుతుంది? నలభై దాటగానే చత్వారం వస్తుంది, చిన్న అక్షరాలు కనిపించవు. చెవి కొంత మందగిస్తుంది. బరువులు ఎత్తే శక్తి, కొత్తదాన్ని చటుక్కున పట్టుకునే వేగం తగ్గుతాయి. రాత్రి డ్యూటీ తర్వాత ఒళ్లు కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. మరోవైపు మాట నేర్పు, మనుషులను అర్థం చేసుకోవడం, ఏళ్ల తరబడి చేసిన పనిలో తప్పు ఎక్కడ ఉందో పసిగట్టడం చాలాకాలం నిలుస్తాయి. పెద్ద వయసు ఉద్యోగులకు ప్రమాదాలు తక్కువే జరుగుతాయనీ, జరిగితే మాత్రం కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుందనీ పరిశోధకులు చాలా చోట్ల గమనించారు. కాబట్టి "ఈయన పనికి వస్తాడా?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఈ పనిలో ఏ భాగం ఈయనకు కష్టం, ఏ భాగం ఈయనే బాగా చేస్తాడు అని విడదీసి అడగాలి.

అలా విడదీసి చూసిన ఒక ఫ్యాక్టరీ కథ ఉంది. జర్మనీలోని డింగొల్ఫింగ్‌లో బీఎండబ్ల్యూ కార్ల కర్మాగారం ఉంది. పదేళ్ల తర్వాత తమ కార్మికుల సగటు వయసు 47కు చేరుతుందని 2007లో అక్కడి అధికారులు లెక్కవేశారు. పదేళ్లు ఆగకుండా, అప్పుడే ఒక విభాగంలో 42 మందిని ఆ సగటు వయసు వచ్చేలా కూర్చి చూశారు. తోటివారు దానికి 'పింఛనుదారుల లైను' అని పేరు పెట్టి నవ్వారు. అధికారులు మాత్రం ఆ కార్మికులనే "మీకు ఎక్కడ నొప్పి? ఏం మారిస్తే బాగుంటుంది?" అని అడిగారు. జవాబుగా వచ్చిన మార్పులు సుమారు 70. కీళ్ల మీద భారం తగ్గేలా చెక్క నేల వేశారు. కాసేపు కూర్చుని పనిచేయడానికి మంగలి షాపులో ఉండే లాంటి కుర్చీలు పెట్టారు. చిన్న భాగాలు చూడటానికి భూతద్దాలు అమర్చారు, కంప్యూటరు తెర మీద అక్షరాలు పెద్దవి చేశారు. రోజంతా ఒకే కండరం మీద భారం పడకుండా మనుషులను ఒక పని నుంచి మరో పనికి మార్చారు. సామగ్రికి అయిన ఖర్చు సుమారు 20,000 యూరోలు మాత్రమే. ఏడాదిలో ఆ లైను ఉత్పత్తి సామర్థ్యం 7 శాతం పెరిగింది, సెలవులు తగ్గాయి. నవ్విన లైనే చివరికి ఇతరులకు నమూనా అయింది.

మన దగ్గర ఈ చర్చ ఎక్కువగా ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. అది పదవీ విరమణ వయసు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. యువకులకు ఉద్యోగాలు దొరుకుతాయన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. వేలమంది ఒక్కసారిగా ఇంటికి వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, తర్వాత వయసును మళ్లీ 58 చేశారు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. పెంచినప్పుడు "మా సంగతేంటి?" అని నిరుద్యోగులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పెద్దవారు కుర్చీ వదలకపోతే చదువు పూర్తయిన బిడ్డ గుమ్మం దగ్గరే నిలబడాలి. అందుకే అంకెను పెంచడం ఒక్కటే పరిష్కారం కాదు. చివరి రెండు మూడేళ్లు పెద్దాయన పక్కన కుర్రాడిని పెట్టి, బరువు పనులు అతనికి, నేర్పే బాధ్యత పెద్దాయనకు ఇస్తే ఇద్దరికీ చోటు దొరుకుతుంది, సంస్థకూ నష్టం ఉండదు.

జీతం సంగతి కూడా దాటవేయకూడదు. జపాన్‌లో 65 ఏళ్లు, అంతకు పైబడినవారు జనాభాలో దాదాపు 29 శాతం. కోరుకున్న ఉద్యోగులకు 65 ఏళ్ల వరకు పని కల్పించాలని అక్కడి చట్టం చెబుతుంది. 2021 నుంచి 70 ఏళ్ల వరకు అవకాశమిచ్చేందుకు ప్రయత్నించాలని కూడా చేర్చారు. అయితే చాలా కంపెనీలు 60కి విరమణ ఇచ్చి, మళ్లీ తక్కువ జీతానికి తీసుకుంటాయి. అదే లారీ, అదే దారి, తక్కువ జీతం ఏమిటని కొందరు డ్రైవర్లు కోర్టుకు వెళ్లారు. 2018లో అక్కడి సుప్రీంకోర్టు జీతంలో తేడాను చాలావరకు ఒప్పుకుంది గానీ, సెలవు పెట్టకుండా పనిచేసినందుకిచ్చే భత్యాన్ని ఎగ్గొట్టడం తప్పని చెప్పింది. అనుభవం కావాలి, దాని ఖరీదు మాత్రం వద్దు అనే బుద్ధి మనలోనూ ఉంది. ఈపీఎఫ్ పింఛను కనీస మొత్తాన్ని 2014లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. చిన్న జీతాల మీద బతికినవారికి విరమణ తర్వాత చేతికి వచ్చేది ఎంతో దీన్నిబట్టి ఊహించవచ్చు. గ్రాచ్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సకాలంలో లెక్కకట్టి ఇవ్వకుండా శాలువా కప్పితే అది గౌరవం అనిపించుకోదు.

ప్రియ పాఠకులారా, ఈ విషయంలో మన చేతిలోని గ్రంథమే ఒక పాత నియమం చూపిస్తుంది. సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివర లేవీయుల సేవకు వయసు నిర్ణయించారు. 25 ఏళ్లకు సేవలో చేరాలి, 50 నిండాక ఆ సేవ మానాలి. అయితే వారిని ఇంటికి పంపమని అక్కడ లేదు. గుడారంలో తమ సహోదరులతో ఉండి, కాపలా విషయంలో వారికి తోడ్పడమని ఉంది. గుడారాన్ని విప్పి, మోసి, మళ్లీ నిలబెట్టడం శరీరాన్ని అరగదీసే పని. ఆ భారం దిగింది, స్థానం మిగిలింది.

మన సంఘాల్లో బడులు నడిపేవారు, ఆసుపత్రుల కమిటీల్లో ఉన్నవారు, పదిమందికి జీతమిచ్చే వ్యాపారులు ఉన్నారు. వచ్చే రెండు మూడేళ్లలో మీ దగ్గర విరమించబోయేవారి పేర్లు ఈ వారమే ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కరితో అరగంట కూర్చుని మూడు సంగతులు అడగండి: మీకు ఏ పని కష్టమవుతోంది? మీకు తప్ప ఇక్కడ ఎవరికీ తెలియనిది ఏమిటి? దాన్ని ఎవరికి నేర్పాలనుకుంటున్నారు? వారికి రావలసిన డబ్బు లెక్క కూడా అప్పుడే తీయించండి.

ఆ ఆసుపత్రిలో ఇప్పుడు నీళ్ల లైన్ల నక్షా ఉంది. పెద్దాయనను రెండు వారాలు రోజుకూలి ఇచ్చి పిలిపించి, కుర్రాడి చేత గీయించారు. మోటారు గది గోడకు అతికించిన ఆ కాగితం కింద ఇద్దరి పేర్లూ రాసి ఉన్నాయి.