ఐదు వాట్ల గ్రంథాలయం

హైదరాబాద్ శివారు తుక్కుగూడలో ఒక ఇల్లు తీసుకుందాం. వైఫై రూటర్ పక్కన అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ ఒకటి, దానికి తగిలించిన ఎస్‌ఎస్‌డీ ఒకటి. రెండూ కలిసి వాడుకునే కరెంటు సుమారు 5 వాట్లు. రాత్రీపగలూ నడిస్తే నెలకు 3.6 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా 29 రూపాయలు దాటదు. ఆ ఖర్చుతో ఇంటిల్లిపాది ఈ-పుస్తకాలూ ఒకచోట చేరి, ఎవరి ఫోన్‌లో వాళ్లు వెతుక్కుని చదువుకునే గ్రంథాలయం నడుస్తుంది.

పాత ల్యాప్‌టాప్ కూడా ఈ పనికి సరిపోతుంది. అది 15 వాట్లు తీసుకుంటే నెలకు 10.8 యూనిట్లు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేని ఇళ్లవాళ్లు ఈ ఏడు యూనిట్ల తేడాను పట్టించుకోవాలి. నెలనెలా 195 దగ్గర ఆగే మీటరు 200 దాటితే మొత్తం బిల్లూ కట్టుకోవాల్సి వస్తుంది.

ఇంత ఏర్పాటు దేనికంటే, డబ్బు పెట్టి కొన్నా ఈ-పుస్తకం మన దగ్గరే ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి. 2009 జులైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ ప్రతులను, హక్కులు లేనివాళ్లు అమ్మారంటూ, పాఠకుల కిండిల్‌లలోంచి తీసేసింది. డబ్బు వెనక్కి వచ్చింది, పుస్తకం పోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణాన్నే మూసేసింది. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ తీగతో ఎక్కించుకునే వీలు కూడా పోయింది. మనకు ఇంకో వెలితి ఉంది. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషలకు తలుపు తీసింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. అందుకే తెలుగు పాఠకుడి పుస్తకాలు కొన్ని ఈపబ్‌లుగా, కొన్ని పీడీఎఫ్‌లుగా ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో, మెయిల్‌లో చెల్లాచెదురుగా పడి ఉంటాయి.

వాటిని ఒక వరుసలో పెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ కాలిబర్. దీన్ని మొదలుపెట్టింది భారతీయుడైన కోవిద్ గోయల్. 2006లో వచ్చిన సోనీ పీఆర్ఎస్-500 రీడర్ లినక్స్‌తో పనిచేయకపోవడంతో తనకోసం రాసుకున్న ప్రోగ్రామ్ అది. 2008లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. ఆ కాలిబర్ భాండాగారాన్ని బ్రౌజర్‌లో అందరికీ చూపించేది కాలిబర్-వెబ్ అనే వేరే ప్రోగ్రామ్. దాన్ని నడపడానికి సులువైన దారి డాకర్ కంటైనర్.

2013 మార్చిలో బయటికి వచ్చిన డాకర్ చేసే పని ఇది: ప్రోగ్రామ్‌నూ దానికి కావలసిన లైబ్రరీలన్నిటినీ ఒక ఇమేజ్‌గా కట్టి, మిగతా కంప్యూటర్‌తో కలవకుండా విడిగా నడుపుతుంది. కెర్నల్‌ను మాత్రం పంచుకుంటుంది కాబట్టి వర్చువల్ మెషీన్ అంత బరువు ఉండదు. లినక్స్‌సర్వర్ బృందం ఇచ్చే కాలిబర్-వెబ్ ఇమేజ్‌కు మీరు రాసివ్వాల్సిన కంపోజ్ ఫైలు (కంటైనర్‌ను ఎలా నడపాలో చెప్పే చీటీ) పదిహేను లైన్లకు మించదు. అందులో అంకెలు కొన్నే. 8083 అంటే బ్రౌజర్‌లో తలుపు తట్టాల్సిన పోర్టు. 1000 అంటే ఏ యూజర్ పేరున ఫైళ్లు రాయాలో చెప్పే నంబరు. లినక్స్‌లో మొదటి యూజర్‌కు సాధారణంగా ఇదే ఉంటుంది. ఈ నంబరు తప్పయితే పుస్తకాలు కనిపిస్తాయి గానీ కొత్తవి ఎక్కవు. మొదటిసారి లాగిన్‌కు పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’. అది లోకమంతటికీ తెలుసు కాబట్టి ముందు దాన్ని మార్చండి.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె 2. కంటైనర్‌కు బయట ఉండాల్సిన ఫోల్డర్లు రెండు: ‘కాన్ఫిగ్’, ‘బుక్స్’. కంటైనర్ అద్దె గది లాంటిది, ఈ రెండూ మన సామాను. కొత్త వెర్షన్ వస్తే పాత కంటైనర్‌ను చెరిపేసి కొత్తది నిలబెడతాం. ఫోల్డర్లను బయట పెట్టకపోతే ఆ చెరపడంలోనే పుస్తకాలూ పోతాయి. ‘బుక్స్’లో కాలిబర్ తయారుచేసిన ‘మెటాడేటా.డీబీ’ ముందుగానే ఉండాలి, అది లేకపోతే కాలిబర్-వెబ్ సెటప్ ముందుకు సాగదు. కంప్యూటర్‌లో కాలిబర్‌నూ, కంటైనర్‌లో కాలిబర్-వెబ్‌నూ ఒకేసారి ఆ ఫైలు మీద రాయనివ్వకండి.

తెలుగు పుస్తకాలకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి. కాలిబర్ ఎవరి పేరునైనా ఆఖరి మాటే ఇంటిపేరనుకుని తిప్పేస్తుంది. ‘గురజాడ అప్పారావు’ను ‘అప్పారావు, గురజాడ’ చేసి అకారంలో పడేస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ సకారంలోకి పోతారు. ఇంటిపేరు ముందే రాసుకునే మనం కాలిబర్ సెట్టింగుల్లోని ట్వీక్స్‌లోకి వెళ్లి ‘ఆథర్ సార్ట్ కాపీ మెథడ్’ విలువను ‘కామా’ నుంచి ‘కాపీ’కి మార్చాలి. పుస్తకాలు ఎక్కించకముందే మార్చుకుంటే ఒక నిమిషం పని.

రెండోది, కాలిబర్ డిస్కు మీద ఫోల్డర్ల పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోకి దించేస్తుంది. ‘శ్రీశ్రీ’ అని వెతికితే ఫైళ్ల మధ్య దొరకదు. అసలు తెలుగు పేర్లుండేది ‘మెటాడేటా.డీబీ’లో, ప్రతి పుస్తకం పక్కనా ఉండే చిన్న ఓపీఎఫ్ ఫైలులో. కాబట్టి ఈపబ్‌లు మాత్రమే కాపీ చేసుకుంటే అది బ్యాకప్ కాదు. ఫోల్డర్ మొత్తం తీసుకోవాలి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఇంట్లో: ఈ 3-2-1 లెక్క పాతదే, దీనికన్నా మంచిది నాకు కనపడలేదు.

చోటు ఎంత కావాలి? యూనికోడ్ తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు. ‘తెలుగు’ అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. 300 పేజీల నవలకు పేజీకి 1,500 సంకేతాల చొప్పున వేసినా 13.5 లక్షల బైట్లే. ఈపబ్ లోపల జిప్ కాబట్టి ఇంకా తగ్గుతుంది. వెయ్యి నవలలైనా ఒకటిన్నర జీబీ కాదు. అదే నవల స్కాన్ చేసిన పీడీఎఫ్ 30 ఎంబీ ఉందనుకుంటే వెయ్యికి 30 జీబీ. చోటు సంగతి అలా ఉంచితే, స్కాన్‌లో మాట వెతకలేం, ఫోన్‌లో అక్షరం పెంచలేం.

ఇంటి బయట నుంచి చదవాలంటే ఇంకో లెక్క చూడాలి. తుక్కుగూడ ఉన్న మహేశ్వరం మండలంలోనే తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ ప్రయోగాత్మక నెట్‌వర్క్‌ను నాలుగు గ్రామాల్లో పెట్టారు. ఫైబర్ వేగానికి ఇప్పుడు లోటు లేదు గానీ, చాలా కనెక్షన్లకు సొంత ఐపీ అడ్రసు ఉండదు. రూటర్‌లో బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ అడ్రసును ఇంకెందరితోనో పంచుకుంటున్నారన్నమాట. అప్పుడు పోర్టు తెరిచినా డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి పుస్తకం అందదు. టెయిల్‌స్కేల్ లాంటి వైర్‌గార్డ్ ఆధారిత సాధనం ఆ అడ్డు దాటిస్తుంది. సొంత ఐపీ ఉన్నవాళ్లు కూడా 8083ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకపోవడమే క్షేమం.

కాపీరైటు లెక్క కూడా మరవకూడదు. మన చట్టంలో రచయిత మరణించిన మరుసటి ఏడు నుంచి 60 ఏళ్లు. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, 2019 నుంచి ఆ నవల అందరిదీ. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా హక్కులుంటాయి. కొన్న పుస్తకాలను ఇంటివాళ్లకే పరిమితం చేయండి.

హక్కులు తీరిన పుస్తకాలు దొరికే చోట్లూ ఉన్నాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి చొరవతో పుస్తకాలను స్కాన్ చేసిన మిలియన్ బుక్ ప్రాజెక్టు 2007 నాటికి 15 లక్షల పుస్తకాలు దాటింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ఒక కేంద్రం. అలా స్కాన్ అయిన తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఇంకా అక్షరరూపం రాలేదు. మీ గ్రంథాలయం నడక మొదలయ్యాక తెలుగు వికీసోర్స్‌కు వెళ్లి, మీకిష్టమైన హక్కులు తీరిన పుస్తకం ఒకటి ఎంచుకుని, రోజుకు ఒక్క పేజీ అచ్చుతప్పులు దిద్దండి. ఏడాదిలో ఆ పుస్తకం వెతుక్కోగలిగే తెలుగులో మీ ఇంటికే కాదు, అందరిళ్లకూ చేరుతుంది.