పొలాలకు వెళ్లిపోయిన గాయకులు

అమెరికాలోని చాలా కేథలిక్ చర్చిల్లో ఆదివారం పూజలో ఆర్గాన్ వాయించేవారికి చర్చి జీతమిస్తుంది. కొన్నిచోట్ల గాయక బృందాన్ని నడిపించే ఒకరిద్దరు గాయకులకు కూడా ఆరాధనకింత అని డబ్బిస్తారు. వారిలో కేథలిక్కులు కానివారూ ఉంటారు. పక్కనే నిలబడి పాడే మిగతావారు మాత్రం ఉచితంగా పాడతారు. దేవుని సన్నిధిలో పాడినందుకు కూలి తీసుకోవచ్చా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. దేవుడిచ్చిన గొంతుకు ధర కట్టడమేమిటని కొందరంటారు. చర్చికి రంగులేసినవాడికి, కరెంటు బాగుచేసినవాడికి డబ్బిస్తూ నాకే ఎందుకివ్వరని సంగీతకారుడు అడుగుతాడు.

కేథలిక్ సంఘ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. గాయక బృందం చేసేది నిజమైన ఆరాధన పరిచర్యేనని 1963లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. సంఘసేవకు తమను అప్పగించుకున్న విశ్వాసులకు, కుటుంబాన్ని గౌరవంగా పోషించుకునేంత ప్రతిఫలం పొందే హక్కుందని 1983 నాటి సంఘ శాసనాల్లో 231వ నియమం చెబుతుంది. దానికి ముందున్న 230వ నియమం మాత్రం, లేఖన పాఠకుడిగా నియమితుడైనంత మాత్రాన జీతం అడిగే హక్కు రాదంటుంది. చదవడానికి చదువొస్తే చాలు, ఆర్గాన్ మీద చేయి తిరగాలంటే ఏళ్లు పడుతుంది మరి! సంగీత పరిచారకులకు తగిన వేతనం ఇవ్వాలని అమెరికా బిషప్పులు 2007లో మళ్లీ రాశారు. కేథలిక్ పూజావిధానంతో మనకున్న సిద్ధాంత భేదాలు అలాగే ఉన్నాయి. కానీ ఈ ఒక్క విషయంలో వారు రాసుకున్నది బైబిలుకు దూరంగా లేదు.

దావీదు కాలంలో యెహోవాకు గానం చేయడంలో ప్రవీణులైనవారు 288 మంది. రాత్రింబగళ్లు ఆ పనిలోనే ఉండేవారు గనుక గాయకులకు వేరే పని పెట్టలేదని దినవృత్తాంతాల గ్రంథం చెబుతుంది. నెహెమ్యా కొంతకాలం యెరూషలేములో లేనప్పుడు లేవీయులకు రావలసిన పాళ్లు ఆగిపోయాయి. సేవ చేసే లేవీయులు, గాయకులు ఎవరి పొలాలకు వారు వెళ్లిపోయారు. తిరిగొచ్చిన నెహెమ్యా గాయకులను ఒక్క మాట కూడా అనలేదు. దేవుని మందిరాన్ని ఎందుకు వదిలేశారని అధికారులను నిలదీశాడు. 'భక్తి ఉంటే ఉచితంగా పాడాలి' అనే పెద్దలు ఈ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవాలి.

అయితే న్యాయాధిపతుల గ్రంథంలో ఇంకో లేవీయుడున్నాడు. ఏడాదికి పది వెండి నాణేలు, బట్టలు, భోజనం అని మీకా పిలిస్తే అతని ఇంట్లో యాజకుడిగా కుదిరాడు. ఒక్క ఇంటికి కాదు, ఒక గోత్రానికే యాజకుడివి కమ్మని దానీయులు ఆశపెడితే సంతోషంగా వారి వెంట వెళ్లాడు. నెహెమ్యా గాయకులకు అందాల్సినది మందిరాన్ని విడిచిపోకుండా నిలబెట్టే పోషణ. ఇతనికి అందినది ఎక్కువ ఇచ్చేవాడి వెంట నడిపించే కిరాయి.

లూథరన్ విశ్వాసి బాఖ్ తన స్వరప్రతుల చివర 'దేవునికి మాత్రమే మహిమ' అనే అర్థం వచ్చే లాటిన్ పొడి అక్షరాలు రాసేవాడు. అదే బాఖ్ 1730లో లైప్‌జిగ్ నుంచి ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, కిందటేడు ఊళ్లో జనం ఆరోగ్యంగా ఉండడంతో అంత్యక్రియలు తగ్గి తన రాబడి వంద తాలర్లకు పైగా పడిపోయిందని వాపోయాడు. నవ్వొస్తుంది గానీ తప్పు ఆయనది కాదు, సమాధి కార్యక్రమానికి ఇంత అని లెక్క కట్టిన ఏర్పాటుది. ఆయనే 1733లో కేథలిక్ పాలకుడైన డ్రెస్డెన్ ప్రభువుకు, మిస్సా పూజలోని రెండు భాగాలకు స్వరాలు కట్టి సమర్పించి ఆస్థానంలో బిరుదు కోరాడు. అందులో భక్తి ఎంత, బతుకుతెరువు ఎంత అని విడదీయడం మన పని కాదు.

ఇప్పటికీ అనేక కేథలిక్ చర్చిల్లో పెళ్లికి, సమాధి కార్యక్రమానికి వాయించేవారి రుసుము ఆ కుటుంబమే కడుతుంది. దుఃఖంలో ఉన్న ఇంటివారి ముందు ధరల పట్టిక పెట్టడంకన్నా, సంఘమే నెలకింత అని ఇవ్వడం మేలు. జీతానికి వచ్చిన గొంతు విశ్వాసుల పాటకు ఆసరాగా ఉండాలి. అది పాడుతుంటే సంఘం నోరు మూసుకుని వింటూ కూర్చుంటే ఆ జీతం దండగ. ఎందుకంటే లూథర్ కష్టపడి పాటను సామాన్య విశ్వాసి నోటికి అందించాడు.

మరి ఉచితంగా పాడేవారి సంగతి? జీవనోపాధి పొందే హక్కు తనకుందని పౌలు కొరింథీయులకు వాదించి మరీ చెప్పాడు, ఆ తర్వాతే దాన్ని వదులుకున్నాడు. వదులుకునే స్వేచ్ఛ పౌలుది. వదులుకో అని చెప్పే హక్కు కొరింథు సంఘానికి లేదు.

మన సంఘాల్లో కూడా మహాసభలకు బయటి నుంచి కీబోర్డు, ప్యాడ్ వాయించేవారిని పిలిస్తే దారి ఖర్చులతో సహా ఇస్తాం. ఏడాదిలో 52 ఆదివారాలు వాయించే యువకుడికి క్రిస్మస్‌కు ఒక శాలువా కప్పుతాం. నెహెమ్యా గద్దించి ఊరుకోలేదు. పదో వంతు ధాన్యం, ద్రాక్షారసం, నూనె మళ్లీ ఖజానాకు వచ్చాక, వాటిని పంచడానికి నమ్మకస్థులైన నలుగురిని నియమించాడు. సంఘ కమిటీలు వార్షిక బడ్జెట్‌లో మైకు సెట్టుకు, షామియానాకు ఎంతెంతో రాసుకుంటాయి. గాయకుల పేరిట ఆ కాగితంలో ఒక వరుస ఉందో లేదో ఈసారి చూడండి.