శరపోవాను ఓడించిన 132వ ర్యాంకు ప్లేయర్

ఈ రోజు నేను చెప్పబోయే పేరు మీలో చాలామంది విని ఉండరు. విటాలియా దియాచెంకో. రష్యాలోని సోచిలో 1990లో పుట్టింది. కెరీర్ మొత్తంలో తన బెస్ట్ ర్యాంకు 71.

ర్యాంకు వందలోపు ఉంటే గ్రాండ్‌స్లామ్‌లో డైరెక్ట్ ఎంట్రీ. బాగా కిందుంటే? అసలు టోర్నీకి ముందే క్వాలిఫయింగ్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు గెలవాలి. ఒక్కటి పోయినా బ్యాగు సర్దుకోవడమే. టెన్నిస్‌లో నెల జీతం ఉండదు కదా, కోచ్ ఫీజు, ఫ్లైట్ టికెట్లు అన్నీ ప్రైజ్‌మనీ లోంచే రావాలి.

2015 ఫ్రెంచ్ ఓపెన్‌లో శరపోవా చేతిలో 3-6, 1-6తో ఓడింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్ ఫస్ట్ రౌండ్‌లో సెరెనా ఎదురైంది. 0-6, 0-2 దగ్గర గాయంతో తప్పుకుంది. ఆ తర్వాత గాయాలు వదల్లేదు, ర్యాంకు బాగా పడిపోయింది.

ఇక 2018 వింబుల్డన్. ర్యాంకు 132. క్వాలిఫయింగ్ దాటొచ్చింది. ఫస్ట్ రౌండ్‌లో మళ్లీ శరపోవానే! ఆమె చిన్నప్పుడు పెరిగింది కూడా సోచిలోనే. మొదటి సెట్ పోయింది, రెండోది టైబ్రేక్‌లో లాగింది, మూడోది 6-4. మూడు గంటలకు పైగా ఆట. హెడ్‌లైన్లలో మాత్రం ‘శరపోవా ఔట్’ అనే! నాకైతే అది అన్యాయమే అనిపించింది.

రెండో రౌండూ గెలిచి, మూడో రౌండ్‌లో ఒస్తాపెంకో చేతిలో ఓడింది. ఆ ఏడాది అక్కడ ఫస్ట్ రౌండ్‌లో ఓడితే 39,000 పౌండ్లు, మూడో రౌండ్‌లో ఓడితే లక్ష. కోచ్ ఫీజు లెక్కేసుకుంటూ ఆడే ప్లేయర్‌కి ఆ తేడా అంటే ఇంకో సీజన్.